ఎగువ అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లు చిక్కబడితే చల్లబడతాయా, వేడెక్కుతాయా?

క్లుప్తంగా

అయనోస్ఫియర్ అంటే సూర్యకిరణాలు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసే ఎగువ వాతావరణ ప్రాంతం. పగటిపూట దాని ఎగువ భాగంలో ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగితే వాటి ఉష్ణోగ్రత సాధారణంగా తగ్గుతుంది. సాంద్రత రెట్టింపైతే ఎలక్ట్రాన్లు వేడిని వదిలించుకునే వేగం నాలుగు రెట్లవుతుంది, అందే వేడి మాత్రం అంతలా పెరగదు. కానీ ఘన సెంటీమీటరుకు 10 లక్షల ఎలక్ట్రాన్లు దాటే చోట ఈ సంబంధం తిరగబడి, రెండూ కలిసి పెరగడం కనిపిస్తుంది. రాత్రి వేళ, ధ్రువ ప్రాంతాల్లో లెక్క మళ్లీ మారుతుంది. వీటికి తోడు, కొలిచే పద్ధతి కూడా లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపగలదు.

గందరగోళం ఎక్కడ

అయనోస్ఫియర్ గురించి చదివేవారికి రెండు రకాల వాక్యాలు ఎదురవుతాయి. ఒకచోట "సాంద్రత ఎక్కువైతే ఉష్ణోగ్రత తక్కువ" అని ఉంటుంది. మరోచోట "సాంద్రతతో పాటు ఉష్ణోగ్రత పెరిగింది" అని ఉంటుంది. రెండూ నిజమైన కొలతల మీద ఆధారపడినవే. ఈ రెండింటినీ కలిపే సూత్రం ఒక్కటే కావాలని వెతికితే దొరకదు. ఉష్ణోగ్రతను నిర్ణయించేది వచ్చే వేడికీ పోయే వేడికీ మధ్య లెక్క. ఆ లెక్కలో సాంద్రత ఒక్కోచోట ఒక్కో పక్క బరువు వేస్తుంది. ఏ ఎత్తులో, ఏ వేళలో, ఏ దారిన వేడి పోతోందో తెలిస్తే తప్ప సంబంధం గుర్తు ధనమా ఋణమా అన్నది చెప్పలేం.

ఒకే చోట మూడు ఉష్ణోగ్రతలు

సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున, ఎలక్ట్రాన్లు అన్నిటికంటే చిక్కగా ఉండే ఎఫ్2 పొర శిఖరం దగ్గర, పగలు ఘన సెంటీమీటరుకు లక్ష నుంచి 10 లక్షల వరకు, భూమధ్యరేఖకు చేరువలో సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇంకా ఎక్కువ ఎలక్ట్రాన్లు ఉంటాయి. అదే చోట తటస్థ అణువులూ పరమాణువులూ వాటికి వెయ్యి రెట్లకు పైగా ఉంటాయి. అంటే ఎలక్ట్రాన్లు అక్కడ చాలా చిన్న మైనారిటీ. అయినా వాటి ఉష్ణోగ్రత వాటిదే. పగలు తటస్థ వాయువు 800 నుంచి 1,200 కెల్విన్‌ల దగ్గర ఉంటే, అయాన్లు (ఎలక్ట్రాన్ కోల్పోయిన పరమాణువులు, అణువులు) దానికి కాస్త పైన, ఎలక్ట్రాన్లు 1,500 నుంచి 3,000 కెల్విన్‌ల మధ్య ఉండటం మామూలు.

దీనికి కారణం బరువుల తేడా. ఆక్సిజన్ పరమాణువు ఎలక్ట్రాన్ కంటే దాదాపు 29 వేల రెట్లు బరువైనది. అంత తేలికైనది అంత బరువైనదాన్ని ఢీకొంటే దిశ మారుతుంది కానీ శక్తి పెద్దగా చేతులు మారదు. ఎలక్ట్రాన్లు తమలో తాము మాత్రం క్షణాల్లో శక్తిని పంచుకుంటాయి. అందుకే వాటికంటూ ఒక స్థిరమైన ఉష్ణోగ్రత ఏర్పడుతుంది, పక్కనే ఉన్న అయాన్లతో అది సమానం కావడానికి మాత్రం సమయం పడుతుంది. ఇక్కడ 2,500 కెల్విన్‌లు అంటే ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయన్న లెక్క మాత్రమే. వాయువు అతి పల్చన కనుక ఆ వేడి ఉపగ్రహాన్ని వేడెక్కించే పాటిది కాదు.

వేడి అందే దారి

మూలం సూర్యుడి నుంచి వచ్చే తీవ్ర అతినీలలోహిత కిరణాలు. ఒక ఉదాహరణ: హీలియం అయాన్ వెదజల్లే 30.4 నానోమీటర్ల కిరణంలో ఒక్కో ఫోటాన్‌కు 40.8 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి ఉంటుంది (ఒక వోల్టు తేడాను దాటిన ఎలక్ట్రాన్ పొందే శక్తే ఎలక్ట్రాన్‌వోల్టు). ఆక్సిజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 చాలు. మిగిలిన 27.2 ఎలక్ట్రాన్‌వోల్టుల వరకు శక్తిని బయటపడిన ఎలక్ట్రాన్ పట్టుకుపోతుంది. దీన్నే ఫోటోఎలక్ట్రాన్ అంటారు. 2,000 కెల్విన్‌ల దగ్గర ఉన్న మామూలు ఎలక్ట్రాన్ సగటు శక్తి పావు ఎలక్ట్రాన్‌వోల్టు మాత్రమే. ఆ గుంపులోకి వంద రెట్లు శక్తిగల కొత్త ఎలక్ట్రాన్ వచ్చి పడుతుందన్నమాట.

ఈ కొత్త ఎలక్ట్రాన్ తన శక్తిని రెండు చోట్ల ఖర్చు చేయగలదు. తటస్థ అణువులను ఢీకొని వాటిని ఉత్తేజపరచవచ్చు, అప్పుడు ఆ శక్తి ఎలక్ట్రాన్ల ఖాతాలోకి రాదు. లేదా చుట్టూ ఉన్న చల్లటి ఎలక్ట్రాన్లను కదిలించి వేడెక్కించవచ్చు. ఈ రెండింటిలో ఏది ఎంతన్నది ఎలక్ట్రాన్ల సంఖ్యకూ తటస్థ అణువుల సంఖ్యకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడి ఉంటుంది. నిష్పత్తి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల వాటా పెరుగుతుంది. సాంద్రత పెరిగితే వేడి అందడం కూడా కొంత పెరుగుతుందని దీని అర్థం. ఈ అంశాన్ని చాలా వివరణలు వదిలేస్తాయి. సంబంధం తిరగబడే చోట దీని అవసరం పడుతుంది.

వేడి పోయే దారులు: అసలు కీలకం

సుమారు 250 కిలోమీటర్ల కింద ఎలక్ట్రాన్లు ఎక్కువగా తటస్థ వాయువుకే వేడినిస్తాయి. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులను తిప్పడం, కంపింపజేయడం, ఆక్సిజన్ పరమాణువు అడుగు స్థాయిలోని సన్నటి మెట్లను ఎక్కించడం ద్వారా ఇది జరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ తటస్థ వాయువు పల్చబడి, అయాన్లే ప్రధాన గ్రాహకులవుతాయి. ఇంకా పైన, 500 కిలోమీటర్లు దాటాక, భూమి అయస్కాంత బలరేఖల వెంబడి ఉష్ణవహనం పెద్దన్న పాత్ర తీసుకుంటుంది.

మధ్యలో ఉన్న అయాన్ల దారిని కాస్త దగ్గరగా చూడాలి. ఆక్సిజన్ అయాన్లు మాత్రమే ఉన్నాయనుకుంటే, ఒక ఘన సెంటీమీటరులో ఎలక్ట్రాన్ల నుంచి అయాన్లకు సెకనుకు మారే శక్తిని, ఎలక్ట్రాన్‌వోల్టుల్లో, ఇలా లెక్కిస్తారు: 0.00000048ను ఎలక్ట్రాన్ సాంద్రతతో, అయాన్ సాంద్రతతో, రెండు ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతంతో భాగించాలి. అయాన్లు, ఎలక్ట్రాన్లు సమాన సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఇందులో సాంద్రత వర్గం ఉంది. సాంద్రత 10 రెట్లయితే ఈ దారి 100 రెట్లు వెడల్పవుతుంది.

అంకెలు వేసి చూద్దాం. అయాన్ ఉష్ణోగ్రత 1,200 కెల్విన్‌ల దగ్గర, అందే వేడి ఘన సెంటీమీటరుకు సెకనుకు 500 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర మార్చకుండా ఉంచి, సాంద్రతను మాత్రమే మారుద్దాం. 10 లక్షల ఎలక్ట్రాన్లు ఉంటే అవి అయాన్ల కంటే 46 కెల్విన్‌లు మాత్రమే వేడిగా, అంటే 1,246 దగ్గర నిలుస్తాయి. 5 లక్షలైతే 1,424కు చేరతాయి. మూడున్నర లక్షలకు తగ్గితే దాదాపు 1,900. సాంద్రతలో తగ్గుదల మొదట్లో పెద్దగా పట్టనట్టు అనిపించి, తర్వాత ఒక్కసారిగా ఉష్ణోగ్రతను ఎగదోస్తుంది.

ఇంకా తగ్గిస్తే ఏమవుతుంది? ఉష్ణోగ్రతల తేడా పెరిగితే శక్తి మార్పిడి పెరగాలి. కానీ వేగంగా పోయే ఎలక్ట్రాన్‌ను అయాన్ సరిగా పట్టుకోలేదు కనుక, కింద ఉన్న ఒకటిన్నర ఘాతం ఆ పెరుగుదలను వెనక్కి లాగుతుంది. ఈ రెండూ కలిసి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత అయాన్ ఉష్ణోగ్రతకు సరిగ్గా మూడు రెట్లయిన చోట గరిష్ఠాన్ని ఇస్తాయి. ఆపైన వేడెక్కేకొద్దీ అయాన్లకు పోయే వేడి తగ్గుతూ వస్తుంది. పై ఉదాహరణలో సాంద్రత సుమారు 3 లక్షల 6 వేల కంటే తగ్గితే ఆ గరిష్ఠం కూడా 500కు చాలదు. అయాన్ల దారి ఒక్కటే ఉంటే సమీకరణానికి సమాధానమే దొరకదు. ఉష్ణోగ్రత అదుపు తప్పి, తటస్థ వాయువో ఉష్ణవహనమో అడ్డుకునే దాకా ఎగబాకుతుంది. పగటి ఎగువ అయనోస్ఫియర్‌లో కొద్ది సాంద్రత తేడాకే కొన్ని వందల కెల్విన్‌ల తేడా కనిపించడానికి ఇదొక కారణం.

అలా ఎగబాకిన ఉష్ణోగ్రతను ఆపేది ఎక్కువగా ఉష్ణవహనమే. ఎలక్ట్రాన్ల వహన గుణకం ఉష్ణోగ్రత రెండున్నర ఘాతంతో పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే గుణకం 5.7 రెట్లు. అయితే ఎలక్ట్రాన్లు బలరేఖకు అడ్డంగా వేడిని మోయలేవు. నిట్టనిలువు దిశలో వహనం బలరేఖ వాలు కోణం సైన్ వర్గం మేరకే ఉంటుంది. వాలు 30 డిగ్రీలైతే నాలుగో వంతు. అయస్కాంత భూమధ్యరేఖ మీద, బలరేఖ అడ్డంగా పడుకుని ఉన్న చోట, నిలువు వహనం దాదాపు సున్నా. ఒకే సాంద్రతకు వేర్వేరు అక్షాంశాల్లో వేర్వేరు ఉష్ణోగ్రతలు రావడానికి ఈ జ్యామితి కూడా కారణం.

ఈ విలోమ సంబంధాన్ని 1978లో బ్రేస్, థీస్ అనే శాస్త్రవేత్తలు ఒక అనుభవ సూత్రంగా రాశారు. అట్మాస్ఫియర్ ఎక్స్‌ప్లోరర్-సి ఉపగ్రహం సూర్యుడు ప్రశాంతంగా ఉన్న కాలంలో పగటిపూట తీసిన కొలతలు దానికి ఆధారం. ఎత్తు, సాంద్రత ఇస్తే ఉష్ణోగ్రత చెబుతుందది. 300 కిలోమీటర్ల దగ్గర ఘన సెంటీమీటరుకు లక్ష ఎలక్ట్రాన్లు ఉంటే అది సుమారు 2,400 కెల్విన్‌లు, 10 లక్షలు ఉంటే సుమారు 1,090 కెల్విన్‌లు ఇస్తుంది. సాంద్రత పెరిగితే ఎలక్ట్రాన్లు తటస్థ వాయువు ఉష్ణోగ్రతకు అంటుకుపోతాయని ఆ రెండో అంకె చెబుతోంది. రాత్రి డేటాకో సౌర గరిష్ఠ కాలానికో ఈ సూత్రాన్ని వాడటం తరచుగా జరిగే పొరపాటు.

తెల్లవారే వేళ: సంబంధం స్పష్టంగా కనిపించే గంట

ఉష్ణోగ్రతా సాంద్రతా ఒకే వేగంతో స్పందించవు. పై అంకెల స్థాయిలో ఎలక్ట్రాన్ వాయువు తన వేడిని సుమారు నిమిషంలో వదిలించుకోగలదు. ఎఫ్2 పొర సాంద్రత మారడానికి గంటలు పడుతుంది. ఈ తేడా అన్నిటికంటే బాగా బయటపడేది సూర్యోదయ వేళ.

భూమి మీద సూర్యుడు కనిపించడానికి దాదాపు 70 నిమిషాల ముందే, భూమధ్యరేఖ దగ్గర, 300 కిలోమీటర్ల ఎత్తుకు సూర్యుడు క్షితిజం మీదికి వస్తాడు. కింది వాతావరణం అతినీలలోహిత కిరణాలను మింగేయడం వల్ల అసలు ప్రభావం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అప్పటికి రాత్రంతా తరిగిపోయిన సాంద్రత కనిష్ఠంగా ఉంటుంది. ఫోటోఎలక్ట్రాన్లు మాత్రం వెంటనే పుడతాయి. తక్కువ ఎలక్ట్రాన్ల మధ్య ఎక్కువ వేడి పంచుకోవాలి, అయాన్ల దారి ఇరుకుగా ఉంటుంది, భూమధ్యరేఖ మీద నిలువు వహనం కూడా లేదు. ఉష్ణోగ్రత గంట రెండు గంటల్లో 1,000 కెల్విన్‌ల దగ్గరి నుంచి 3,000 దాటి, ఒక్కోసారి 4,000 పైకి పోతుంది. తర్వాత కొత్త అయనీకరణంతో సాంద్రత పేరుకునేకొద్దీ, ఎండ పెరుగుతూనే ఉన్నా, ఎలక్ట్రాన్లు చల్లబడతాయి. ఉదయం పది దాటేసరికి ఆ శిఖరం జాడ ఉండదు. 600 కిలోమీటర్ల దగ్గర తిరిగిన జపాన్ ఉపగ్రహం హినోటోరి, 500 కిలోమీటర్ల పరిసరాల్లో తిరిగిన భారత ఉపగ్రహం స్రాస్-సి2 ఈ ఉదయపు శిఖరాన్ని విస్తారంగా నమోదు చేశాయి. పెరూలోని హికమార్కా రాడార్ 1960ల్లోనే దీన్ని చూసింది.

మధ్య అక్షాంశాల్లో మరో వింత ఉంది. స్థానికంగా ఇంకా చీకటిగా ఉండగానే ఉష్ణోగ్రత పెరగడం మొదలవుతుంది. అదే అయస్కాంత బలరేఖ రెండో కొస, అవతలి అర్ధగోళంలో, అప్పటికే ఎండలో ఉండటమే కారణం. అక్కడ పుట్టిన ఫోటోఎలక్ట్రాన్లలో కొన్ని పైకి తప్పించుకుని బలరేఖ పట్టుకుని ఇవతలికి వస్తాయి. 20 ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ వేగం సెకనుకు 2,600 కిలోమీటర్లు. అందుకే వేల కిలోమీటర్ల దారైనా నిమిషం లోపే ముగుస్తుంది. ఇలాంటి సమయాల్లో వేడి పుట్టుకకు స్థానిక సాంద్రతతో సంబంధం ఏమీ లేదు, అయినా ఎంత వేడెక్కాలో మాత్రం స్థానిక సాంద్రతే తేలుస్తుంది.

సూర్యగ్రహణం దీనికి తిరగేసిన రూపం. నీడ పడగానే ఉష్ణోగ్రత దాంతోపాటే పడిపోతుంది. సాంద్రత తగ్గుదల నీడ దాటాక గానీ పూర్తి కాదు. ఆ కొద్దిసేపూ సాంద్రతా ఉష్ణోగ్రతా రెండూ కలిసి తగ్గుతున్నట్టు, అంటే ధన సంబంధం ఉన్నట్టు, గ్రాఫులో కనిపిస్తుంది. విలోమ సంబంధం సమతాస్థితికి చెందినదని, మారుతున్న క్షణానికి వర్తించదని మర్చిపోతేనే అది ఆశ్చర్యం.

సాంద్రత మరీ పెరిగితే

1981 ఫిబ్రవరిలో ప్రయోగించిన హినోటోరి, సూర్యుడు చురుగ్గా ఉన్న కాలంలో భూమధ్యరేఖ పరిసరాల మీదుగా తిరిగింది. అక్కడ 600 కిలోమీటర్ల ఎత్తున కూడా ఘన సెంటీమీటరుకు 10 లక్షలు దాటిన సాంద్రతలు దొరికాయి. ఆ డేటాను 2011లో మళ్లీ విశ్లేషించినప్పుడు, తక్కువ సాంద్రతల దగ్గర తెలిసిన విలోమ సంబంధమే కనిపించింది. 10 లక్షలు దాటాక మాత్రం వక్రరేఖ మలుపు తిరిగి, సాంద్రతతో పాటు ఉష్ణోగ్రత పెరిగింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది తేలిక. అంత సాంద్రత దగ్గర ఎలక్ట్రాన్లు, అయాన్లు దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేస్తాయి, కాబట్టి సాంద్రత ఇంకా పెరిగినా తగ్గడానికి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతకు చోటు మిగలదు. కిందికి దిగే మెట్టు అక్కడితో ఆగుతుంది. పైకి ఎక్కడానికి మాత్రం ఇంకో కారణం కావాలి. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజున సాంద్రతా తటస్థ వాయువు ఉష్ణోగ్రతా రెండూ పెరుగుతాయి, ఎలక్ట్రాన్లు ఆ వాయువును అనుసరిస్తాయి. ఇది కొంత భాగాన్ని వివరిస్తుంది. కానీ సౌర తీవ్రత స్థాయిల వారీగా డేటాను విడదీసినా మలుపు పోలేదు. కాబట్టి వేడి అందే పక్కన కూడా మార్పు ఉండాలి. ముందు చెప్పిన ఫోటోఎలక్ట్రాన్ల వాటా ఇక్కడ అక్కరకొస్తుంది: సాంద్రత పెరిగేకొద్దీ అవి తమ శక్తిని తటస్థ అణువులకు కాక ఎలక్ట్రాన్లకే ఎక్కువగా ఇస్తాయి. పైగా 600 కిలోమీటర్ల దగ్గర తటస్థ వాయువు ఎంత పల్చనంటే, అయాన్లు తమకు అందిన వేడిని అంత తేలికగా దించుకోలేవు. ఎలక్ట్రాన్లు, అయాన్లు జతగా వేడెక్కుతాయి.

ఈ మలుపు అన్నిచోట్లా కనిపించదు. మధ్య అక్షాంశాల్లో, సూర్యుడు ప్రశాంతంగా ఉన్న ఏళ్లలో, 600 కిలోమీటర్ల దగ్గర 10 లక్షల సాంద్రత దాదాపు దొరకదు. అక్కడి ఉపగ్రహ డేటాలో విలోమ సంబంధం ఒక్కటే తేలడం సహజం.

రాత్రి, సాంద్రతా గర్తం, ధ్రువ ప్రాంతాలు

రాత్రి ఫోటోఎలక్ట్రాన్లు ఆగిపోయాక తక్కువ అక్షాంశాల్లో మూడు ఉష్ణోగ్రతలూ దాదాపు ఒకటవుతాయి. సాంద్రతతో సంబంధం చాలావరకు చెరిగిపోతుంది.

మధ్య అక్షాంశాల పై అంచులో పరిస్థితి వేరు. ధ్రువాల చుట్టూ ఆకాశంలో వెలుగులు కనిపించే అరోరా వలయానికి కాస్త ఇవతల, భూమధ్యరేఖ వైపు, రాత్రివేళ, సాంద్రత లోతుగా పడిపోయే ఒక పట్టీ ఉంటుంది. దాన్ని ప్రధాన గర్తం అంటారు. సరిగ్గా ఆ గర్తంలోనే ఉష్ణోగ్రతకు శిఖరం ఉంటుంది. పై నుంచి, భూమి చుట్టూ తిరిగే వలయ విద్యుత్ ప్రవాహం నుంచి బలరేఖల వెంట దిగే వేడి, కొద్దిపాటి ఎలక్ట్రాన్ల మీద పడుతుంది.

అయస్కాంత తుఫానుల్లో ఆ వేడి కంటికి తెలియని ఎర్రటి చాపాలను పుట్టిస్తుంది. 1956లో ఫ్రాన్స్‌లో బార్బియే తొలిసారి గుర్తించిన ఈ చాపాలు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున 630 నానోమీటర్ల కాంతినిస్తాయి. దానికి ఆక్సిజన్ పరమాణువును 1.96 ఎలక్ట్రాన్‌వోల్టుల మేర ఉత్తేజపరచాలి. 1,500 కెల్విన్‌ల దగ్గర అంత శక్తిగల ఎలక్ట్రాన్లు నామమాత్రం. 3,000 దగ్గర ఆ ఘాతీయ కారకం దాదాపు 2,000 రెట్లు పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపుకు కాంతి వేల రెట్లు ఎలా పెరుగుతుందో ఇంతకంటే సూటిగా చూపే దృశ్యం అయనోస్ఫియర్‌లో తక్కువ.

అరోరా ప్రాంతంలో మళ్లీ ధన సంబంధం. పై నుంచి దూసుకొచ్చే తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు అక్కడే అయనీకరణాన్నీ వేడినీ ఒకేసారి తెస్తాయి.

ఉష్ణోగ్రత తిరిగి సాంద్రతను మారుస్తుంది

ఇప్పటిదాకా సాంద్రతను కారణంగా, ఉష్ణోగ్రతను ఫలితంగా చూశాం. వెనక్కి వెళ్లే దారి కూడా ఉంది. శిఖరానికి పైన సాంద్రత ఎంత మెల్లగా తగ్గుతుందన్నది ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతల మొత్తం మీద ఆధారపడి ఉంటుంది. అయాన్లు 1,200, ఎలక్ట్రాన్లు 2,000 కెల్విన్‌ల దగ్గర ఉంటే, ఆక్సిజన్ అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువుకు, అంటే ప్లాస్మాకు, 400 కిలోమీటర్ల దగ్గర స్కేల్ ఎత్తు (సాంద్రత సుమారు మూడో వంతుకు పడిపోయే ఎత్తు తేడా) సుమారు 190 కిలోమీటర్లు. ఎలక్ట్రాన్లు 1,250కు చల్లబడితే అది 146కు కుంచించుకుపోతుంది. వేడి ఎలక్ట్రాన్లు ప్లాస్మాను పైకి పరుస్తాయి. ఉపగ్రహం ఒకే ఎత్తులో ఎగురుతూ కొలిచిన సాంద్రతలో ఈ పరచడం కూడా కలిసే ఉంటుంది.

కింది పొరల్లో మరో బంధం ఉంది. ఆక్సిజన్ అణువు అయాన్‌తో ఎలక్ట్రాన్ పునఃసంయోగం (తిరిగి కలిసిపోవడం) ఉష్ణోగ్రత పెరిగితే మందగిస్తుంది, సుమారుగా ఉష్ణోగ్రత 0.7 ఘాతానికి విలోమంగా. 1,500 నుంచి 3,000 కెల్విన్‌లకు పోతే రేటు 1.6 రెట్లు తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువ సేపు బతుకుతాయి, సాంద్రత పెరుగుతుంది. ఇది ధన సంబంధం వైపు లాగుతుంది, అయితే అణు అయాన్లు ఎక్కువగా ఉండే, ఎఫ్2కు దిగువనున్న ఎఫ్1 పొరకూ దాని కిందకూ మాత్రమే.

కొలతే సంబంధాన్ని పుట్టించగలదు

ఉపగ్రహాల మీద ఎక్కువగా వాడేది లాంగ్‌మ్యూర్ ప్రోబ్, అంటే ప్లాస్మాలోకి చాపిన చిన్న లోహపు ఎలక్ట్రోడు. దాని వోల్టేజిని మెల్లగా పెంచుతూ ప్రవాహాన్ని కొలుస్తారు. ఎలక్ట్రాన్లను ప్రోబ్ కొంత వెనక్కి నెట్టే వోల్టేజి భాగంలో ప్రవాహపు లాగరిథం గీత ఎంత నిటారుగా ఉంటే ఉష్ణోగ్రత అంత తక్కువ. 2,000 కెల్విన్‌ల దగ్గర ప్రవాహం 10 రెట్లు కావడానికి 0.40 వోల్టు, 1,000 దగ్గర 0.20 వోల్టు చాలు. 50 మిల్లీవోల్టుల మెట్లతో స్కాన్ చేస్తే చల్లటి ప్లాస్మాలో ప్రవాహం 10 రెట్లయ్యే పరిధిలో నాలుగు బిందువులే దొరుకుతాయి, వాలు నమ్మదగ్గది కాదు.

తప్పులు మూడు చోట్ల పుడతాయి. అయాన్ ప్రవాహాన్ని సరిగా లెక్కలోంచి తీయకపోతే గీత కింది కొస అతిగా నిటారై ఉష్ణోగ్రత తక్కువగా వస్తుంది. ప్లాస్మా పొటెన్షియల్ (ప్లాస్మా సొంత వోల్టేజి) దగ్గరి వంపును గీతలో కలిపేసుకుంటే ఎక్కువగా వస్తుంది. అన్నిటికంటే మొండి సమస్య ప్రోబ్ ఉపరితలం మురికి. దాని మీది పల్చటి పొర కెపాసిటర్‌లా పనిచేసి గీతను సాగదీస్తుంది, ఉష్ణోగ్రతను పెంచి చూపుతుంది. వోల్టేజిని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి గీత తీసి, రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూడటమే దీనికి సులువైన పరీక్ష. పడకపోతే ఆ ఉష్ణోగ్రతను పక్కన పెట్టాలి. ప్రోబ్‌ను వేడి చేయడం, కక్ష్యలో చేరేదాకా గాజులో మూసి ఉంచడం దీనికి విరుగుళ్లు.

ఇక్కడో సూక్ష్మం ఉంది. ప్లాస్మా పొటెన్షియల్ దగ్గరి ఎలక్ట్రాన్ ప్రవాహం నుంచి సాంద్రత తీస్తే, దాన్ని ఉష్ణోగ్రత వర్గమూలంతో భాగించాలి. మురికి వల్ల ఉష్ణోగ్రత 20 శాతం ఎక్కువ వస్తే సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ వస్తుంది. భౌతికంగా ఏమీ జరగకుండానే విలోమ సంబంధం తయారవుతుంది. సాంద్రతను అయాన్ ప్రవాహం నుంచి తీస్తే ఈ చిక్కు చాలావరకు ఉండదు. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే ఆక్సిజన్ అయాన్ల సొంత వేగం కిలోమీటరు దగ్గరే, కనుక ఆ ప్రవాహాన్ని ఉష్ణోగ్రత కంటే ఉపగ్రహ వేగమే నిర్ణయిస్తుంది.

పైకి రేడియో తరంగాలు పంపి, ఎలక్ట్రాన్లు చెదరగొట్టగా తిరిగొచ్చే బలహీన సంకేతాన్ని చదివే, నేల మీది అసంబద్ధ పరిక్షేపణ రాడార్ పొరపాటు సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంటుంది. తిరిగొచ్చే సంకేతపు వర్ణపటానికి రెండు మూపులు ఉంటాయి. వాటి మధ్య లోయ ఎంత లోతన్నది ఎలక్ట్రాన్, అయాన్ ఉష్ణోగ్రతల నిష్పత్తిని చెబుతుంది, వెడల్పు అయాన్ ఉష్ణోగ్రతను చెబుతుంది. సాంద్రత మొత్తం సంకేత బలం నుంచి వస్తుంది, కానీ దాన్ని ఒకటికి ఆ నిష్పత్తిని కలిపిన మొత్తంతో గుణించాలి. నిజమైన నిష్పత్తి 2 ఉండగా 1 అనుకుంటే సాంద్రత మూడో వంతు తక్కువ వస్తుంది. నిష్పత్తిని ఎక్కువ అనుకుంటే సాంద్రతా ఎక్కువే. కనుక ఇక్కడి దోషం ధన సంబంధాన్ని పుట్టిస్తుంది. పై ఎత్తుల్లో తేలికైన హైడ్రోజన్ అయాన్లు ఉన్నాయని గుర్తించకపోతే, అవి వెడల్పు చేసిన వర్ణపటం వేడిగా ఉన్నట్టు కనిపించి లెక్క ఇంకా చెడుతుంది. ప్లాస్మా రేఖ (ఎలక్ట్రాన్ల సహజ డోలనాల వల్ల వర్ణపటంలో వచ్చే సన్నటి గీత) దొరికిన చోట సాంద్రతను దాని పౌనఃపున్యం నుంచి విడిగా తీసి సరిచూసుకోవడం ఉత్తమం.

డేటాను పోల్చేవారికి

శిఖరానికి పైన ఎత్తు పెరిగేకొద్దీ సాంద్రత తగ్గుతుంది, ఉష్ణోగ్రత పెరుగుతుంది. అందువల్ల వేర్వేరు ఎత్తుల బిందువులన్నీ ఒకే గ్రాఫులో వేస్తే విలోమ సంబంధం దానంతటదే వచ్చేస్తుంది, ఆ సంబంధానికి భౌతిక అర్థం ఏమీ ఉండదు. ఉదయపు శిఖరాన్నీ మధ్యాహ్నాన్నీ కలిపినా అంతే. ఎత్తును 25 నుంచి 50 కిలోమీటర్ల పట్టీలుగా, స్థానిక సమయాన్ని గంట గంటకు, అయస్కాంత అక్షాంశాన్ని, 10.7 సెంటీమీటర్ల సౌర రేడియో ప్రవాహాన్ని (సూర్యుడి చురుకుదనానికి కొలమానం) విడివిడి అరలుగా చేసి, ఒక్కో అరలో సంబంధాన్ని చూడాలి. సూర్యోదయం చుట్టూ రెండు గంటలను వేరుగా ఉంచాలి. సరళరేఖ ఒక్కటి గీసి సహసంబంధ గుణకం ఇచ్చేయడం కంటే, సాంద్రత అరల వారీగా మధ్యస్థ ఉష్ణోగ్రత గీస్తే మలుపు ఉందో లేదో కంటికే తెలుస్తుంది. ఒకే వక్రరేఖకు దిగే భాగం, ఎక్కే భాగం రెండూ ఉన్నప్పుడు గుణకం సున్నాకు దగ్గరగా వచ్చి, గట్టి సంబంధం ఉన్నచోట ఏ సంబంధమూ లేదనిపిస్తుంది.